‘థీఫ్’ పేరు ‘రోగ్’ అయితే ఆటగాడు మారతాడా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లలో చాలాకాలంగా చెలామణీలో ఉన్న మాట ఒకటుంది. పాత్ర కాగితం మీద ‘థీఫ్’ అని రాసి ఇస్తే ఆటగాడు గుహలో తాళాలు తీయడం మానేసి తోటివాళ్ల మూటలు విప్పుతాడట. ‘పాలడిన్’ (ధర్మయోధుడు) అని రాసి ఇస్తే కూర్చున్న దగ్గర్నుంచి అందరికీ నీతులు చెబుతాడట. వినడానికి బాగుంది, నమ్మడానికి మాత్రం కొంచెం ఆగాలి. ఆ పని చేయించేది పేరేనా, పేరు కింద అచ్చయిన నియమాలా, లేక బల్ల చుట్టూ ఉన్న మిగతా నలుగురి చూపా అన్నది తేలాలి. దీనికి దొరికే సాక్ష్యం రెండు రకాలు. యాభై ఏళ్ల రూల్‌బుక్కుల చరిత్ర ఒకటి. ఆటల పేర్లు మార్చి మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగాలు ఇంకొకటి. మొదటిదాంట్లో పేరుతోపాటు నియమాలూ మారిపోతుంటాయి. రెండోదాంట్లో పాచికలూ లేవు, రాక్షసులూ లేరు. రెండూ పరోక్ష సాక్ష్యాలే కాబట్టి ఆచితూచి నడవాలి.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఈ ఆటను 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే ఊళ్లోని టీఎస్ఆర్ అనే చిన్న కంపెనీ అచ్చువేసింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడుపుతారు, తక్కినవాళ్లు తలా ఒక పాత్ర ధరిస్తారు. పాత్ర వృత్తిని ‘క్లాస్’ అంటారు. ఏ ఆయుధం పట్టొచ్చు, ఏ మంత్రం వేయొచ్చు, ఎన్ని దెబ్బలకు తట్టుకోవచ్చు అన్నదంతా దాన్నిబట్టే తేలుతుంది.

మొదట ఉన్నవి మూడే క్లాసులు: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్ (పూజారి). మొదటి రెండు పేర్లూ ఆఫీసులో హోదా పలక రాసినంత చప్పగా ఉంటాయి. మ్యాజిక్ యూజర్ అంటే ఏం చేస్తాడో తెలుస్తుంది గానీ ఎలాంటివాడో తెలియదు. 1975లో వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధ పుస్తకం థీఫ్‌నీ పాలడిన్‌నీ తెచ్చింది. అక్కడినుంచి పేర్లలోకి స్వభావం కూడా వచ్చి చేరింది. దొంగ అన్నాక గుణం చెప్పక్కర్లేదు కదా.

కానీ ఆ రోజుల్లో అసలు దొంగ ఎవరు? 1970ల నియమాల ప్రకారం గుహలోంచి తెచ్చుకున్న బంగారమే అనుభవం. ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో ఎక్స్‌పీరియన్స్ పాయింటు లెక్క, అదీ ఏ క్లాసువాళ్లకైనా. అంటే క్లెరిక్‌తో సహా బృందమంతా పక్కవాడి గుహలో దూరి సొమ్ము ఎత్తుకొచ్చే ముఠాయే. దొంగ అన్న పేరు మాత్రం ఒక్కడికే పడింది.

ఆ ఒక్కడి కాగితాన్ని దగ్గరగా చూద్దాం. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మొదటి లెవెల్ థీఫ్‌కు తాళం తీయడానికి 25 శాతం అవకాశం, ఉచ్చు కనిపెట్టి విప్పడానికి 20, చప్పుడు కాకుండా నడవడానికి 15, నీడలో దాక్కోవడానికి 10 మాత్రమే. గోడ ఎక్కడానికి 85. పట్టికలో అన్నిటికంటే ముందున్న గడి జేబు కొట్టడం, దానికి 30 శాతం. గుహలోని రాక్షసులకు జేబులుండవు. జేబులున్నవాళ్లు సాధారణంగా పక్కనే నడుస్తున్న మిత్రులు. పైగా థీఫ్ చాలావరకు తటస్థుడిగానో దుష్టుడిగానో ఉండాలనీ, మంచివైపు మొగ్గేవాళ్లు అరుదనీ అదే పుస్తకం చెప్పింది. 1989 రెండో ఎడిషన్ మరో అడుగు వేసింది. ఐచ్ఛిక నియమంగానే అయినా, థీఫ్ చేజిక్కించుకున్న ప్రతి నాణేనికీ అదనంగా రెండు పాయింట్లు ఇవ్వమంది.

ఇన్ని ఉండగా మిత్రుడి మూట విప్పినవాణ్ని చూసి ‘పేరు చెడగొట్టింది’ అంటే ఎలా? 2000లో వచ్చిన మూడో ఎడిషన్ థీఫ్ పేరును రోగ్‌గా మార్చింది నిజమే. అదే పుస్తకం గుణ నిర్బంధాన్ని ఎత్తేసింది, దొంగతనానికిచ్చే పాయింట్లు తీసేసింది, చాటునుంచి కొట్టే దెబ్బను ప్రతి రెండు లెవెళ్లకూ పెరిగేలా చేసి రోగ్‌ను యుద్ధంలో పనికొచ్చేవాడిగా నిలబెట్టింది. ఆ తర్వాత బల్లల దగ్గర దొంగతనాలు తగ్గాయే అనుకుందాం. ఆ ఘనత ఎవరికివ్వాలి? పేరు, గుణం, జీతం, పని నాలుగూ ఒకేసారి మార్చి, మార్పుకు కారణం పేరేననడం శాస్త్రం కాదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. 1978 పుస్తకంలో మొదటి లెవెల్ థీఫ్ బిరుదే ‘రోగ్’. అంటే ఆ మాట కొత్తగా కడిగి తెచ్చినదేమీ కాదు, దొంగల మెట్లలో అట్టడుగుది. ఈ లెవెల్ బిరుదులు మన ప్రశ్నకు చాలా పనికొస్తాయి. 1974లో మొదటి లెవెల్ ఫైటింగ్ మ్యాన్‌ను ‘వెటరన్’ అన్నారు. అనుభవజ్ఞుడు అన్నమాట. ఆ అనుభవజ్ఞుడు ఒక్క కత్తివేటుకే పోవచ్చు. పేరు గొప్ప ఊరు దిబ్బ. దాన్ని చూసి మొదటి లెవెల్‌లోనే వీరవిహారం చేయబోయినవాడికి పాచికలు రెండో ఆటకల్లా బుద్ధి చెప్పేవి. మ్యాజిక్ యూజర్ ఎనిమిదో లెవెల్‌లో వార్లాక్, తొమ్మిదిలో సార్సరర్, పదకొండులో విజార్డ్. ఒకే మనిషి ఎక్కే మూడు మెట్లవి. నేడు అవే మూడు వేర్వేరు క్లాసులు. విజార్డ్ గ్రంథాలు చదివి నేర్చుకున్నవాడు, సార్సరర్‌కు మంత్రశక్తి పుట్టుకతో వచ్చింది, వార్లాక్ ఏదో అతీత శక్తితో ఒప్పందం కుదుర్చుకున్నవాడు. ఇప్పటి ఆటగాళ్లు వార్లాక్ అనగానే ఒప్పందం గురించి అడుగుతారు. ఆ అర్థం పేరులో ముందే ఉన్నది కాదు, ఈ శతాబ్దంలో వచ్చిన రూల్‌బుక్కులు పోసిందే. పేరు మనిషిని మలుస్తుందన్న వాదానికి ఇది బలమైన ఎదురు సాక్ష్యం. చాలాసార్లు నియమాలే పేరును మలుస్తాయి.

అటునుంచి ఇటు కూడా జరుగుతుంది. బార్బేరియన్ (అనాగరికుడు) సంగతి చూడండి. మూడో ఎడిషన్‌లో చదవడం, రాయడం ముందే వచ్చి ఉండని ప్రధాన క్లాస్ ఇదొక్కటే. అక్షరాలు రావాలంటే రెండు స్కిల్ పాయింట్లు ఖర్చుపెట్టాలి. ఆవేశం తెచ్చుకుని అదనపు బలంతో విరుచుకుపడటం ఈ క్లాస్ పని. ఆవేశపరుడికీ నిరక్షరాస్యతకూ యుద్ధ నియమాల్లో సంబంధమేమీ లేదు. ఆ నియమం పేరులోంచే దిగిందని నా అనుమానం. ఎందుకంటే ఈ క్లాస్‌కు మూలపురుషుడని అందరూ చెప్పే కోనన్, రాబర్ట్ ఇ. హొవార్డ్ 1932 నుంచి రాసిన కథల్లో, దేశాలు తిరిగి చాలా భాషలు నేర్చినవాడు. ఆ నియమం తర్వాతి ఎడిషన్లలో లేదు. అయినా బార్బేరియన్‌ను తెలివితక్కువవాడిగా నటించే అలవాటు పోయిందా అంటే, పోలేదనే వేలాది మంది చూసే ఆట వీడియోలు చెబుతున్నాయి. అది పేరు ప్రభావమా, పాత నియమపు వాసనా, సినిమాల నుంచి వచ్చిందా అన్నది విడదీయడం ఇక్కడ సాధ్యం కాదు.

పాలడిన్ దగ్గర మాత్రం కొంచెం గట్టి నేల దొరుకుతుంది. 1975 నుంచి 2008 దాకా ప్రధాన రూల్‌బుక్కుల్లో పాలడిన్ అంటే ధర్మమార్గం తప్పనివాడే. 1978 నియమం ప్రకారం తెలిసి, ఇష్టపూర్వకంగా ఒక్క దుష్కార్యం చేసినా ఆ హోదా శాశ్వతంగా పోతుంది. ఇతరులను నీతిగా ఉండమని సతాయించే పాలడిన్ తన ఉద్యోగం కాపాడుకుంటున్నాడన్నమాట! అదీకాక మొదట్లో ఈ క్లాస్ దొరకాలంటే కరిజ్మా అనే ఆకర్షణ గుణానికి పాచికల్లో కనీసం 17 రావాలి. మూడు పాచికలు వేస్తే 17 గానీ 18 గానీ పడేది 216లో 4 సార్లు, రెండు శాతం కూడా కాదు. అంత అరుదుగా దక్కినదాన్ని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటారు. ఇక్కడ కూడా పేరు ఒంటరిగా లేదు.

2008లో నాలుగో ఎడిషన్, 2014లో అయిదో ఎడిషన్ ఆ నిర్బంధాన్ని తీసేశాయి. ప్రతీకారమే వ్రతంగా పెట్టుకున్న పాలడిన్ కూడా కుదురుతాడు ఇప్పుడు. పేరు అదే, నియమం మారింది. పోటీ ఆట పాత్‌ఫైండర్ దీనికి తలకిందులు దారి పట్టింది. పైజో కంపెనీ రెండో ఎడిషన్‌ను 2018లో ప్రయోగాత్మకంగా ఆడించినప్పుడు క్లాస్ పేరు పాలడిన్, నియమం పాత ధర్మమార్గమే. 2019లో పూర్తి పుస్తకం వచ్చేసరికి అన్ని సద్గుణ మార్గాలకూ తలుపు తెరిచి, క్లాస్‌కు ‘చాంపియన్’ అని పేరు పెట్టారు. ‘పాలడిన్’ అన్న మాటను అందులో ఒక్క ధర్మమార్గ శాఖకే మిగిల్చారు. నియమం సడలించాలంటే పేరును పక్కకు జరపక తప్పదని ఆ రచయితలు అనుకున్నారనుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది ప్రచురణకర్తల నమ్మకానికి సాక్ష్యం. ఆటగాళ్ల మనసుకు సాక్ష్యం కాదు. సబ్బు కంపెనీ రేపర్ మార్చినంత మాత్రాన కొనేవాళ్లంతా పాత రంగును అసహ్యించుకున్నారని రుజువు కాదు.

పేరు ఒకటి చెబితే నియమం ఇంకోటి చెప్పిన సందర్భాలు అంతకంటే విలువైనవి. 1978 పుస్తకం ‘ఫైటింగ్ మ్యాన్’ లోంచి పురుషవాచకాన్ని తీసేసి ‘ఫైటర్’ అంది. పేరు స్త్రీ పురుషులిద్దరికీ సరిపోయింది. కానీ 1974 పుస్తకంలో లేని నిబంధన ఒకటి అందులోనే వచ్చి చేరింది: మానవ స్త్రీ పాత్రల బలానికి పురుషుల కంటే తక్కువ గరిష్ఠ పరిమితి. 1989 దాకా అది ఉంది. పేరు పిలిచింది, నియమం గుమ్మం దగ్గర ఆపింది. పేర్లు మారిస్తే చాలు, ఆట అందరిదీ అయిపోతుందనేవాళ్లు ఈ పదకొండేళ్లను లెక్కలోకి తీసుకోవాలి.

2008 పుస్తకంలో ఇంకో ముచ్చట ఉంది. ఆ ఎడిషన్ క్లాసుల్ని నాలుగు బాధ్యతలుగా విభజించి, గాయాలు మాన్పి తోటివాళ్లకు ఊపునిచ్చే బాధ్యతకు ‘లీడర్’ అని పేరు పెట్టింది. వెంటనే, లీడర్ బాధ్యత ఉన్నంత మాత్రాన ఆ పాత్ర బృందానికి ప్రతినిధో అధిపతో కానక్కర్లేదని అదే పుస్తకం వివరణ ఇచ్చుకుంది. తాను పెట్టిన పేరును తానే బుజ్జగించాల్సి వచ్చిన రూల్‌బుక్ ఇది. ఆ వివరణ ఎవరికోసం? లీడర్ పాత్ర తీసుకున్నవాడి కోసం మాత్రమే కాదు. ‘నువ్వెవరు నాకు చెప్పడానికి’ అనబోయే పక్కవాడి కోసం కూడా.

ఈ పక్కవాడే అసలు కీలకమని నా వాదన. దానికి ఆధారం ప్రయోగశాలలో దొరుకుతుంది.

2004లో వర్దా లీబర్‌మన్, స్టీవెన్ సామ్యూల్స్, లీ రాస్ ప్రచురించిన పరిశోధన ‘ఖైదీల సందిగ్ధం’ అనే ఆట మీద. ఇద్దరు ఆడతారు. సహకరిస్తే ఇద్దరికీ లాభం, ఒకడు మోసం చేస్తే వాడికి ఎక్కువ లాభం. స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్లో సగం మందికి దీన్ని ‘వాల్ స్ట్రీట్ గేమ్’ అన్నారు, మిగతావాళ్లకు ‘కమ్యూనిటీ గేమ్’ అన్నారు. నియమాల్లో తేడా వీసమెత్తు లేదు. కమ్యూనిటీ అన్నప్పుడు మొదటి ఎత్తులో సుమారు మూడింట రెండు వంతుల మంది సహకరిస్తే, వాల్ స్ట్రీట్ అన్నప్పుడు సుమారు మూడో వంతు. ఎవరు సహకరిస్తారో, ఎవరు సహకరించరో హాస్టల్లో వాళ్లను ఎరిగినవాళ్ల చేత ముందే చెప్పించారు. ఆ జోస్యం పనికిరాలేదు. పేరు పనిచేసింది.

క్లాస్ పేర్ల వాదానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకడు. కానీ సాక్షిని ఎదురు ప్రశ్నలు వేయకుండా పంపకూడదు. ఆ పని 2012లో టోరే ఎలింగ్‌సెన్ బృందం చేసింది. ఒకరి ఎత్తు ఒకరికి తెలియకుండా ఇద్దరూ ఒకేసారి ఆడినప్పుడు, ‘కమ్యూనిటీ’ అన్న పేరు ‘స్టాక్ మార్కెట్’ అన్న పేరు కంటే ఎక్కువ సహకారాన్ని తెచ్చింది. మొదటివాడి ఎత్తు చూశాక రెండోవాడు ఆడేలా మార్చేసరికి ఆ తేడా మాయమైంది. వాళ్లు తేల్చినదేమిటంటే, పేరు మనలో మంచితనాన్నో స్వార్థాన్నో పుట్టించదు. ఎదుటివాడు ఏం చేయబోతాడన్న మన అంచనాను మారుస్తుంది. ఎదుటివాడు చేసినది కళ్లముందుంటే అంచనాతో పనేముంది?

ఇది నాకు చాలా దూరం వెలుతురు చూపించింది. థీఫ్ అన్న పేరు మొదట తాకేది ఆ కాగితం పట్టుకున్నవాణ్ని కాదు, చూసినవాళ్లను. మూట ఎవరికివ్వాలి, రాత్రి కాపలా ఎవరు కాయాలి అన్నప్పుడు వాళ్లు ఒక్క క్షణం తటపటాయిస్తారు. తనను అనుమానిస్తున్నారని గ్రహించిన ఆటగాడు ఆ అనుమానాన్ని నిజం చేయడమే సరదా అనుకోవచ్చు. ఈ లెక్క సరైనదైతే పేరు ప్రభావం ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో ముందే చెప్పగలగాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక పూట కలిసి ఆడే జెన్ కాన్ లాంటి సమ్మేళనాల్లో ఎక్కువ. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం కలిసే స్నేహితుల బల్ల దగ్గర దాదాపు సున్నా. మొదటి పూట ఉండి, మూడో పూటకు అరిగిపోవాలి.

ఆటతో సంబంధం లేనివాళ్ల మీద పేరు ప్రభావం ఇంకా ఎక్కువ పడాలి. దీనికి చరిత్రలో ఒక దాఖలా ఉంది. 1975లో వచ్చి, 1978లో దుష్టులకు మాత్రమే అనుమతించిన అసాసిన్ (హంతకుడు) క్లాస్ 1989 రెండో ఎడిషన్ ప్రధాన పుస్తకంలో లేదు. 1980లంతా అమెరికాలో తల్లిదండ్రుల సంఘాలు, మత సంస్థలు ఈ ఆట మీద ధ్వజమెత్తాయి. అదే ఎడిషన్‌లో డీమన్లు, డెవిళ్లు కూడా కొత్త పేర్లతో వచ్చాయి. రాక్షసుల కోరలు మాత్రం మొద్దుబారలేదు. నియమాలు చదవనివాళ్లకు చేతికందేది పేరొక్కటే మరి.

అభ్యంతరాలు లేకపోలేదు. పేరుకన్నా రూపమే బలమైనది కావచ్చు. 2014లో గున్‌వూ యూన్, పాట్రిక్ వర్గాస్ చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాలు సూపర్‌మ్యాన్‌గా ఆడినవాళ్లు తర్వాత వచ్చే మనిషికి చాక్లెట్ ఎక్కువ పోశారు, వోల్డెమార్ట్‌గా ఆడినవాళ్లు కారం సాస్ ఎక్కువ పోశారు. అంటే పాత్ర ఆడేవాడి లోపలికి కూడా ఎంతో కొంత దిగుతోందన్నమాట, నా వాదనకు ఇది ఎదురే. అయితే అక్కడ పేరుతోపాటు బొమ్మా ఉంది, అప్పటికే తెలిసిన కథా ఉంది. ఇలాంటి క్షణిక ప్రేరణల ప్రయోగాలు చాలావాటిని మళ్లీ చేస్తే అదే ఫలితం రాలేదన్న సంగతి కూడా మరవకూడదు. నేను దీన్ని కొట్టిపారేయను, దీనిమీద మేడ కూడా కట్టను.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ప్రయోగశాలలో పేరును పరిశోధకుడు పంచుతాడు. బల్ల దగ్గర ఆటగాడే ఎంచుకుంటాడు. దొంగగా ఆడాలని ఉన్నవాడే థీఫ్ కాగితం అడిగి తీసుకుంటే, పేరు అతణ్ని దొంగను చేసిందనడం వానొచ్చాక గొడుగు వానను తెచ్చిందన్నట్టే. లెక్కలు కూడా ఇక్కడ ఆదుకోవు. డీ అండ్ డీ బియాండ్ అనే ఆన్‌లైన్ వేదికలో తయారైన పాత్రల సమాచారాన్ని 2017లో ఫైవ్ థర్టీ ఎయిట్ ప్రచురిస్తే, అన్నిటికంటే ఎక్కువగా తేలినది మానవ ఫైటర్. సాదా పేరుకు గిరాకీ ఉందనొచ్చు. ఫైటర్ నియమాలు నేర్చుకోవడం తేలిక, మానవుడి గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు, తయారుచేసిన పాత్రలన్నీ ఆడినవి కావు అని కూడా అనొచ్చు. ఆ అంకెలు ఈ వాదనలన్నిటికీ సమానంగా తలూపుతాయి.

కాబట్టి నా తీర్పు ఇంతవరకే. క్లాస్ పేరు ఆటగాడి స్వభావాన్ని మారుస్తుందనడానికి ఆధారం పలచన. అపరిచితుల మధ్య, ఆట మొదటి గంటల్లో, ఒకరి మీద ఒకరికుండే అంచనాను మారుస్తుందనడానికి ఆధారం మెరుగ్గా ఉంది, అది కూడా వేరే ఆట నుంచి అరువు తెచ్చుకున్నదే.

దీన్ని తేల్చడానికి పెద్ద విశ్వవిద్యాలయం అక్కర్లేదు. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఈ ఆట ఎన్నడూ ఆడనివాళ్లతో కొత్తగా బల్ల వేస్తున్న డంజన్ మాస్టర్లు చాలు. రోగ్ కాగితానికి రెండు నకళ్లు తీయండి. ఒకదాని మీద ‘థీఫ్’ అనీ ఇంకోదాని మీద ‘స్కౌట్’ అనీ రాయండి, తక్కిన అక్షరం ముట్టుకోకండి. ఏ బృందానికి ఏ కాగితమో నాణెం ఎగరేసి తేల్చండి, కాగితం ఎవరికన్నది కూడా చీటీ తీసి ఇవ్వండి. ఆట మొదలుకాకముందే మిగతావాళ్ల చేత, నిధి మూట ఎవరి చేతిలో పెడతారో రహస్యంగా రాయించండి. మూడో పూట అయ్యాక అదే ప్రశ్న మళ్లీ అడగండి. మొదటి చీటీల్లో రెండు పేర్లకూ తేడా కనిపించి, చివరి చీటీల్లో అది చెరిగిపోతే నా వాదన నిలుస్తుంది. చివరిదాకా తేడా నిలిచి ఉంటే నా వాదన తప్పు. ఒక్క బల్ల ఫలితం దేనికీ చాలదు, పది బల్లలైనా కావాలి. చేసినవాళ్లు ఫలితం ఎటు వచ్చినా దాచుకోకుండా ప్రచురించాలని మనవి.